లాప్‌టాప్‌లో నడుస్తోంది, సర్వర్‌లో పడిపోతోంది: గువావా గొడవ, ఎవరైనా చూడండి

మారతహళ్లి పీజీ · మంగళవారం, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. నాలుగు రోజులుగా ఒకే ఎర్రర్‌తో కుస్తీ పడుతున్నాను. ఆఫీసులో గట్టిగా అడగాలంటే మొహమాటం, ఎందుకంటే చెడగొట్టింది నేనే.

మాది ఒక జావా బ్యాచ్ ప్రోగ్రాం. జావా 11. బిల్డ్ మేవెన్‌తో, అంటే కావాల్సిన లైబ్రరీలు తెచ్చి కోడ్‌ని ప్రోగ్రాంగా కూర్చే టూల్‌తో. రోజూ రాత్రి రెండింటికి లేచి డేటాబేస్‌లోంచి లెక్కలు తీసి, ఫైళ్లు చేసి క్లౌడ్ స్టోరేజ్‌లో పెడుతుంది. పోయిన వారం మా కంపెనీ సొంత రిపోర్ట్ లైబ్రరీని (రిపోర్ట్-కోర్ 2.3.0 అనుకోండి) పోమ్ ఫైల్లో, అంటే ఏ లైబ్రరీలు కావాలో మేవెన్‌కి చెప్పే ఫైల్లో, కలిపాను. బిల్డ్ సక్సెస్. టెస్టులు పాస్. లాప్‌టాప్‌లో చక్కగా నడిచింది. శుక్రవారం సర్వర్‌కి వెళ్లింది. రాత్రి 2:04కి పడిపోయింది.

ఎర్రర్: నోసచ్‌మెథడ్‌ఎర్రర్. గూగుల్ వాళ్ల గువావా అనే జావా లైబ్రరీలోని కామ్.గూగుల్.కామన్.బేస్.ప్రీకండిషన్స్ క్లాసులో చెక్‌ఆర్గ్యుమెంట్ (బూలియన్, స్ట్రింగ్, ఆబ్జెక్ట్) లేదట.

క్లాసు తెరిచి చూశాను. చెక్‌ఆర్గ్యుమెంట్ నిక్షేపంగా ఉంది! కళ్ల ముందున్న మెథడ్‌ని లేదంటుందేమిటి?

శనివారం మా లీడ్ పాత వెర్షన్‌కి రోల్‌బ్యాక్ చేశారు. అయినా అదే ఎర్రర్! అక్కడే నాకు మతి పోయింది. ఇప్పటికి ఫైళ్లు చేత్తో అప్‌లోడ్ చేస్తున్నాం. ఫోన్ సౌండ్ ఫుల్‌గా పెట్టుకుని పడుకుంటున్నానని రూమ్మేట్లు తిడుతున్నారు.

కోరమంగళ కాఫీ · బుధవారం, ఉదయం 7:30

బ్రో, సింపుల్. హోమ్ ఫోల్డర్లో .ఎం2 కింద రిపాజిటరీ అని ఉంటుంది, మేవెన్ దించుకున్న లైబ్రరీలన్నీ అందులోనే. మొత్తం డిలీట్ చేసి మళ్లీ బిల్డ్ కొట్టు. నాకు పదిలో తొమ్మిదిసార్లు అదే పనిచేసింది.

మారతహళ్లి పీజీ · బుధవారం, ఉదయం 9:05

చేశాను బ్రో. పీజీ వైఫైలో అన్నీ మళ్లీ దిగడానికి నలభై నిమిషాలు పట్టింది, పైగా మధ్యలో కరెంటు పోయింది. అదే పరిస్థితి. ఇప్పుడు క్యాబ్ కూడా మిస్సయ్యాను.

పాతకాపు · బుధవారం, ఉదయం 10:20

కాఫీ గారూ, తలనొప్పికి గుండు కొట్టించినట్టుంది మీ సలహా. జార్ ఫైలు (లైబ్రరీ కోడ్‌ని మూటకట్టిన ఫైలు) సగం దిగి పాడైతే ఆ ఫోల్డర్ తీసేయడంలో అర్థం ఉంది. అప్పుడైనా ఆ ఒక్క లైబ్రరీ ఫోల్డర్ తీస్తే చాలు. ఇక్కడ జార్ పాడవలేదు. ఉండాల్సిన జార్ బదులు ఇంకొకటి వచ్చి కూర్చుంది.

తమ్ముడూ, ముందు ఆ ఎర్రర్‌ని ఇంకోసారి చదువు. నువ్వు తెరిచి చూసిన చెక్‌ఆర్గ్యుమెంట్‌లో మూడో చోట ఆబ్జెక్ట్ పక్కన మూడు చుక్కలు ఉన్నాయా? ఉండే ఉంటాయి. ఎర్రర్ అడుగుతున్నది చుక్కలు లేనిదాన్ని. సోర్స్ రాసే మనకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, రెండింటినీ ఒకే తీరున పిలుస్తాం. కంపైల్ అయ్యాక వచ్చే బైట్‌కోడ్‌కి మాత్రం అవి రెండు వేరు వేరు మెథడ్లు. చుక్కలు లేనిది గువావా 20లో వచ్చింది. కాబట్టి నీ దగ్గర నడుస్తున్న గువావా 20 కంటే పాతది. ఆ లైను పిలుస్తున్న లైబ్రరీని మాత్రం దాన్ని తయారుచేసినవాళ్లు కొత్త గువావాతో కంపైల్ చేశారు.

ఆ పాతదాన్ని ఎవరు తెచ్చారో తేలాలి. డిపెండెన్సీ ట్రీ, అంటే ఏ లైబ్రరీ దేన్ని వెంట తెచ్చిందో చూపే జాబితా, తీసి ఇక్కడ పెట్టు. మేవెన్ డిపెండెన్సీ ప్లగిన్‌లో ట్రీ గోల్, వెర్బోస్ ట్రూ పెట్టు, ఇంక్లూడ్స్‌లో కామ్.గూగుల్.గువావా ఇవ్వు. వెర్బోస్ లేకపోతే గెలిచిన వెర్షన్ మాత్రమే కనిపిస్తుంది, ఓడిపోయినవి కనిపించవు. మనకి కావాల్సింది ఓడిపోయినవాళ్లే. ప్లగిన్ 3.0, 3.1 అయితే వెర్బోస్ పనిచేయదు. 3.2.0 గానీ, ఆపైది గానీ వాడు.

మారతహళ్లి పీజీ · బుధవారం, మధ్యాహ్నం 1:15

అన్నా, మూడు చుక్కలు ఉన్నాయి! ఇదిగో ట్రీ, గువావా వరకు:

మా-బ్యాచ్
+- రిపోర్ట్-కోర్ 2.3.0
|  \- గువావా 19.0
\- క్లౌడ్-స్టోరేజ్-క్లయింట్
   \- (గువావా 31.1-జేఆర్‌ఈ, 19.0తో కాన్‌ఫ్లిక్ట్ వల్ల వదిలేశాం)

కానీ 31.1 ఉండగా 19.0ని ఎందుకు తీసుకుంది? పెద్ద నంబరే కదా గెలవాలి?

పాతకాపు · బుధవారం, మధ్యాహ్నం 1:40

మేవెన్‌కి నంబరు పట్టదు, దూరమే పడుతుంది. నీ ప్రాజెక్టుకి దగ్గరి చుట్టం ఎవరైతే వాళ్ల మాట నెగ్గుతుంది. నువ్వు నేరుగా పోమ్‌లో రాసినది ఒక అడుగు దూరం, అది తెచ్చేది రెండడుగులు, అలా. ఇక్కడ రెండు గువావాలూ రెండడుగుల దూరమే. ఇద్దరూ ఒకే వరస చుట్టాలైతే ముందు వచ్చినవాడికే పీట. అంటే పోమ్‌లో పైన రాసినవాడు.

రిపోర్ట్-కోర్‌ని ఎక్కడ కలిపావు?

మారతహళ్లి పీజీ · బుధవారం, మధ్యాహ్నం 1:44

అన్నింటికన్నా పైన 😐 కోడ్ రివ్యూలో తేలిగ్గా కనపడుతుందని.

బెల్లందూరు నురగ · బుధవారం, మధ్యాహ్నం 2:30

పీజీ తమ్ముడూ, బాధపడకు. మా టీమ్‌లో ఒకరు పోమ్ నీట్‌గా ఉంటుందని డిపెండెన్సీలన్నీ అక్షర క్రమంలో సర్దారు. ఒక్క లైబ్రరీ కలపలేదు, ఒక్కటి తీయలేదు. కమిట్ మెసేజ్ కూడా "క్లీనప్" అనే. మర్నాడు స్టేజింగ్‌లో మూడు సర్వీసులు లేవలేదు. వరస మారితే గెలిచే వెర్షన్ మారుతుందని ఆ రోజే చాలామందికి తెలిసింది.

నీ లాప్‌టాప్‌లో ఎందుకు నడిచిందో కూడా చెప్తాను, లేకపోతే అది మనసులో ముల్లులా ఉంటుంది. లోకల్‌లో క్లౌడ్‌కి పంపకుండా డిస్క్ మీదే రాస్తున్నావు కదా? టెస్టుల్లో క్లౌడ్ క్లయింట్‌ని మాక్ చేసి, అంటే దాని బదులు ఉత్తుత్తిది పెట్టి ఉంటావు. జావా కోడ్‌ని నడిపే జేవీఎం, ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడే అన్ని మెథడ్లూ ఉన్నాయా అని లెక్క చూసుకోదు. ఆ పిలుపు మొదటిసారి నడిచినప్పుడే వెతుకుతుంది. నీ దగ్గర ఆ లైను ఎప్పుడూ నడవలేదు. సర్వర్‌లో 2:04కి నడిచింది.

మారతహళ్లి పీజీ · బుధవారం, మధ్యాహ్నం 2:41

అవునక్కా, లోకల్ ప్రొఫైల్‌లో డిస్కే. ఇప్పుడు అర్థమైంది. అయితే రిపోర్ట్-కోర్‌ని కిందకి జరిపేస్తే అయిపోతుందా?

గ్రేడిల్ భక్తుడు · బుధవారం, మధ్యాహ్నం 3:10

వరస మారిస్తే వెర్షన్ మారడమేంటి సార్, ఇది మేవెన్ 2 రోజుల ఆలోచన. గ్రేడిల్ అనే ఇంకో బిల్డ్ టూల్‌కి మారిపోండి. అక్కడ మామూలుగా అన్నింట్లోకీ పెద్ద వెర్షనే గెలుస్తుంది. డిపెండెన్సీ ఇన్‌సైట్ అని ఒక టాస్క్ ఉంది, ఏ వెర్షన్ ఎందుకు గెలిచిందో కారణంతో సహా చెప్తుంది. ఈ గొడవే ఉండేది కాదు.

పాతకాపు · బుధవారం, మధ్యాహ్నం 3:25

గొడవ ఉండేది, ఇంకో రూపంలో. పీజీ తమ్ముడు ఇప్పుడు దాన్ని కనిపెట్టబోతున్నాడు చూడండి. తమ్ముడూ, కిందకి జరపకు. అది రేపు ఇంకెవరో సర్దితే మళ్లీ తిరగబడుతుంది. రిపోర్ట్-కోర్ డిపెండెన్సీలో గువావాకి ఎక్స్‌క్లూజన్ పెట్టి (అది తెచ్చే గువావా వద్దని మేవెన్‌కి చెప్పి) లాప్‌టాప్‌లో ఒకసారి నడిపి చూడు. ఏం వస్తుందో చెప్పు.

మారతహళ్లి పీజీ · బుధవారం, సాయంత్రం 5:50

అన్నా మీకు ముందే తెలుసు కదా 😭

ఎక్స్‌క్లూజన్ పెట్టాను. ట్రీలో 31.1-జేఆర్‌ఈ వచ్చింది. సంబరపడ్డాను. రన్ కొట్టిన అర నిమిషంలో కొత్త నోసచ్‌మెథడ్‌ఎర్రర్. ఈసారి ఆబ్జెక్ట్స్.టోస్ట్రింగ్‌హెల్పర్ లేదట, అదీ రిపోర్ట్-కోర్ లోపలి నుంచి. ఇటు పట్టుకుంటే అటు ఊడుతోంది.

పాతకాపు · బుధవారం, సాయంత్రం 6:15

తెలుసని కాదు, అనుమానం. 19.0తో రాసిన కోడ్‌లో ఆ మెథడ్ తరచుగా కనిపిస్తుంది. గువావా ఆబ్జెక్ట్స్ క్లాసులో ఉన్న టోస్ట్రింగ్‌హెల్పర్, ఫస్ట్‌నాన్‌నల్ రెండింటినీ 18లో మోర్‌ఆబ్జెక్ట్స్ అనే కొత్త క్లాసుకి మార్చి, పాతవాటి మీద డిప్రికేటెడ్ అని రాశారు. 21లో తీసేశారు.

భక్తుడు గారూ, గ్రేడిల్ అయితే మొదటి రోజే 31.1 తీసుకుని ఈ రెండో ఎర్రర్‌ని చేతిలో పెట్టేది. మేవెన్ దగ్గరిదాన్ని తీసుకుంది, గ్రేడిల్ పెద్దదాన్ని తీసుకుంటుంది. ఏ మెథడ్ ఎందులో ఉందో రెండింటికీ తెలియదు.

గ్రేడిల్ భక్తుడు · బుధవారం, సాయంత్రం 6:31

ఒప్పుకుంటాను. కానీ లాప్‌టాప్‌లో అర నిమిషంలో దొరికేది, అర్ధరాత్రి రెండింటికి కాదు.

పాతకాపు · బుధవారం, సాయంత్రం 6:33

అది మాత్రం నిజం.

కొత్తగా చేరాను · బుధవారం, రాత్రి 8:02

సార్, మధ్యలో దూరుతున్నందుకు సారీ. పొద్దున కాఫీ గారి సలహా చూసి నేనూ ఆఫీసులో ఆ రిపాజిటరీ ఫోల్డర్ మొత్తం డిలీట్ చేశాను (నా ఎర్రర్ వేరే). ఇప్పుడు ఒక్క జార్ కూడా దిగడం లేదు. "పీకేఐఎక్స్ పాత్ బిల్డింగ్ ఫెయిల్డ్" అని వస్తోంది. చేరి పది రోజులే అయింది. మేనేజర్ రేపు డెమో అన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

కోరమంగళ కాఫీ · బుధవారం, రాత్రి 8:10

సారీ బ్రో 🙏 ఎస్ఎస్ఎల్ చెక్ ఆఫ్ చేసే ఆప్షన్ ఒకటుంది మేవెన్‌కి, అది పెట్టేయ్.

బెల్లందూరు నురగ · బుధవారం, రాత్రి 8:22

కాఫీ గారూ, మీరు ఈ రోజుకి విశ్రాంతి తీసుకోండి. చెక్ ఆఫ్ చేస్తే దిగుతున్న జార్ నిజంగా ఎక్కడి నుంచి వస్తోందో తెలియదు. అదే జార్ రేపు సర్వర్‌లోకి పోతుంది.

కొత్తగా చేరిన తమ్ముడూ, కంగారు పడకు. చాలా ఆఫీసుల్లో బయటికి వెళ్లే ట్రాఫిక్‌ని మధ్యలో ఒక ప్రాక్సీ విప్పి చూసి, తన సర్టిఫికెట్‌తో మళ్లీ మూసి పంపుతుంది. నీ బ్రౌజర్ ఆ సర్టిఫికెట్‌ని నమ్ముతుంది, ఎందుకంటే ఐటీ వాళ్లు విండోస్‌లో ముందే పెట్టి ఉంటారు. జావాకి మాత్రం సొంత నమ్మకాల పెట్టె ఉంటుంది, కాసెర్ట్స్ అనే ఫైలు. అందులో లేదు కాబట్టి నమ్మదు. ఇన్నాళ్లూ నీకు తెలియలేదంటే ఆ ఫోల్డర్ ఎవరి మెషిన్ నుంచో కాపీ చేసి ఇచ్చి ఉంటారు.

ఐటీ వాళ్లని కంపెనీ రూట్ సర్టిఫికెట్ ఫైలు అడుగు. కీటూల్‌లో ఇంపోర్ట్‌సెర్ట్ కమాండ్‌తో కాసెర్ట్స్‌లో చేర్చు. పాస్‌వర్డ్ ఎవరూ మార్చకపోతే "చేంజిట్". అందరూ బోల్తా పడేది ఇక్కడే: మెషిన్‌లో మూడు జేడీకేలు (జావా ఇన్‌స్టలేషన్లు) ఉంటాయి, ఒకదానిలో చేర్చి ఇంకోదానితో బిల్డ్ కొడతారు. "ఎంవీఎన్ -వి" అని కొడితే మేవెన్ ఏ జావా వాడుతోందో ఫోల్డర్‌తో సహా చెప్తుంది. దానిలోనే చేర్చాలి. ఐడీఈ తనతో పాటు తెచ్చుకున్న జేడీకే ఇంకొకటి ఉండొచ్చు, అదీ చూసుకో.

అది అయ్యాక కూడా మొండికేయొచ్చు. దిగలేదన్న సంగతిని మేవెన్ .లాస్ట్‌అప్‌డేటెడ్ ఫైళ్లలో రాసి పెట్టుకుంటుంది, కాసేపు మళ్లీ ప్రయత్నించదు. పెద్ద అక్షరం యూతో "-యూ" అని ఇస్తే బలవంతంగా వెతుకుతుంది.

సెట్టింగ్స్ ఫైల్లో మీ కంపెనీ సొంత రిపాజిటరీ మిర్రర్ ఉందేమో కూడా పక్క సీటు వాళ్లని అడుగు. ఉంటే ఈ ప్రాక్సీ తలనొప్పే ఉండకపోవచ్చు.

కొత్తగా చేరాను · గురువారం, ఉదయం 11:18

అక్కా దిగుతున్నాయి!! మూడు జేడీకేలే ఉన్నాయి, మీరు చూసినట్టే చెప్పారు. మిర్రర్ కూడా ఉందట, నాకు సెట్టింగ్స్ ఫైలే ఇవ్వలేదు. డెమో నాలుగింటికి.

సిల్క్‌బోర్డ్ సిగ్నల్ · గురువారం, మధ్యాహ్నం 12:05

పనిలో పనిగా నాదీ ఒకటి. మాది స్ప్రింగ్ బూట్ (జావా ఫ్రేమ్‌వర్క్). జేసన్ డేటా చదివే జాక్సన్ లైబ్రరీ వెర్షన్ పెంచాలి. నెట్‌లో చూసి పోమ్ ప్రాపర్టీస్‌లో జాక్సన్-బామ్.వెర్షన్ రాశాను. ట్రీలో చీమ కుట్టినట్టు కూడా లేదు, పాతదే ఉంది.

పాతకాపు · గురువారం, మధ్యాహ్నం 12:40

మీ పోమ్‌లో స్ప్రింగ్ బూట్ స్టార్టర్ పేరెంట్‌గా ఉందా, లేక పేరెంట్ మీ కంపెనీదై, స్ప్రింగ్ బూట్ డిపెండెన్సీస్‌ని ఇంపోర్ట్ స్కోప్‌తో తెచ్చుకుంటున్నారా? రెండోదైతే ప్రాపర్టీ పనిచేయదు. ఆ ట్రిక్కు పేరెంట్ నుంచి వారసత్వంగా వచ్చినప్పుడే. ఇంపోర్ట్ చేసుకున్న బామ్ (ఏ లైబ్రరీకి ఏ వెర్షనో రాసిన జాబితా) తన లెక్కలు తను ముందే వేసుకుని వస్తుంది. పోమ్‌లో వెర్షన్లు ఖాయం చేసే డిపెండెన్సీ మేనేజ్‌మెంట్ భాగంలో స్ప్రింగ్ బూట్ బామ్ కంటే పైన జాక్సన్ బామ్‌ని కావాల్సిన వెర్షన్‌తో ఇంపోర్ట్ చేయండి. ఇక్కడా ముందు వచ్చినవాడిదే పీట.

జాక్సన్‌లో డేటాబైండ్ ఒక్కదాన్నే పెంచి కోర్‌ని వదిలేయకండి. అన్నీ ఒకేసారి కదలాలి, అందుకే బామ్ అన్నాను.

సిల్క్‌బోర్డ్ సిగ్నల్ · గురువారం, మధ్యాహ్నం 12:52

రెండోదే. పేరెంట్ కంపెనీది. థాంక్స్ సార్, మారింది.

బెల్లందూరు నురగ · గురువారం, మధ్యాహ్నం 2:15

మళ్లీ పీజీ తమ్ముడి దగ్గరికి. నీ ముందు దారులు ఉన్నాయి గానీ అన్నీ ఒకే రకం కావు.

ఒకటి షేడింగ్. రిపోర్ట్-కోర్ బిల్డ్‌లో షేడ్ ప్లగిన్ పెట్టి, గువావాని దాని కడుపులోనే దాచి, ప్యాకేజీ పేరు మార్చేయడం. రీలొకేషన్ అంటారు. అప్పుడు 19.0 వేరే పేరుతో లోపల బతుకుతుంది, బయట 31.1 ఉంటుంది, ఒకదాని మొహం ఒకటి చూడవు. జార్ రెండు మూడు ఎంబీలు లావవుతుంది, పర్లేదు. కానీ రిపోర్ట్-కోర్ పబ్లిక్ మెథడ్లు ఏవైనా గువావా ఇమ్యూటబుల్‌లిస్ట్ లాంటివి తిరిగి ఇస్తుంటే మీ కోడ్ విరిగిపోతుంది, ఎందుకంటే ఆ టైపు పేరే మారిపోయింది.

పేరు మార్చకుండా కడుపులో దాచేవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లతోనే అసలు ప్రమాదం. అలాంటి జార్‌లోని గువావా ట్రీలో కనిపించదు. ఒకసారి రెండు రోజులు నేను అలాంటి దాని కోసమే వెతికాను.

నా ఓటు మాత్రం వేరేదానికి. రిపోర్ట్-కోర్ మీ కంపెనీదే కదా? ఆ టీమ్‌ని అడిగి ఆబ్జెక్ట్స్‌ని మోర్‌ఆబ్జెక్ట్స్‌గా మార్పించు. మోర్‌ఆబ్జెక్ట్స్ 18 నుంచీ ఉంది కాబట్టి ఆ మార్పు 19.0తోనూ, 31.1తోనూ నడుస్తుంది. దాన్ని వాడే మిగతా టీమ్‌లకి ఏ ఇబ్బందీ ఉండదు. ఆ తర్వాత మీ పోమ్ డిపెండెన్సీ మేనేజ్‌మెంట్‌లో గువావా 31.1-జేఆర్‌ఈ అని ఒకే చోట రాసేయ్. అక్కడ రాశాక దూరం, వరస ఏదీ చూడదు. ఎక్స్‌క్లూజన్ తీసేయొచ్చు. ఎక్స్‌క్లూజన్లు గోడకి కొట్టిన మేకుల్లాంటివి, ఎవరు ఎందుకు కొట్టారో రెండేళ్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

మారతహళ్లి పీజీ · గురువారం, మధ్యాహ్నం 2:28

ఆ టీమ్ మూడో అంతస్తులో కూర్చుంటారు అక్కా. వాళ్ల లీడ్ చాలా సీనియర్. రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్‌తో వెళ్లి మీ లైబ్రరీ పాతది అంటే బాగుంటుందా?

బెల్లందూరు నురగ · గురువారం, మధ్యాహ్నం 2:35

పాతది అనకు. ఎర్రర్, ట్రీ, మార్చాల్సిన లైను, ఈ మూడూ పట్టుకెళ్లు. 2021 డిసెంబర్‌లో లాగ్4జే అనే లాగింగ్ లైబ్రరీలో పెద్ద భద్రతా లోపం బయటపడ్డప్పుడు మేమంతా ట్రీలు పట్టుకుని అంతస్తులన్నీ ఎక్కి దిగాం. ఆ నెలలోనే 2.15.0, 2.16.0, 2.17.0, 2.17.1 వరసగా వచ్చాయి, ప్రతిదానికీ మళ్లీ తిరిగాం. "నేను లాగ్4జే వాడట్లేదు" అన్న ప్రతి టీమ్ ట్రీలోనూ ఎక్కడో మూడో కొమ్మకి వేలాడుతూ అది కనిపించింది. కాగితం చూపిస్తే ఎవరూ వాదించరు.

మారతహళ్లి పీజీ · గురువారం, రాత్రి 7:40

వెళ్లాను. ఆయన మన కర్నూలు వైపు వాళ్లే! ట్రీ చూసి, "ఇది నాలుగేళ్ల కింద నేనే రాసిన లైను" అని నవ్వారు. టీ తాగే లోపు మార్చి 2.3.1 ఇచ్చేశారు. నాలుగు రోజులు ఊరికే భయపడ్డాను.

2.3.1 పెట్టాను, డిపెండెన్సీ మేనేజ్‌మెంట్‌లో 31.1-జేఆర్‌ఈ రాశాను. ఈసారి లాప్‌టాప్‌లో కూడా నిజం క్లౌడ్‌కే పంపి చూశాను. రెండు ఎర్రర్లూ లేవు. ఈ రాత్రికి డిప్లాయ్. అందరికీ దండాలు.

మోడరేటర్ · గురువారం, రాత్రి 8:00

సంతోషం. దీన్ని "పరిష్కారమైంది"లోకి మార్చనా?

మారతహళ్లి పీజీ · శుక్రవారం, రాత్రి 2:31

వద్దు సార్. మళ్లీ పడిపోయింది. మొదటి ఎర్రరే, అదే చెక్‌ఆర్గ్యుమెంట్. ట్రీలో 19.0 ఎక్కడా లేదు, ఒట్టు.

పాతకాపు · శుక్రవారం, ఉదయం 6:10

ట్రీలో లేకపోతే ట్రీ బయట ఉంది. జేవీఎంనే అడుగుదాం. సర్వర్‌లో స్టార్ట్ కమాండ్‌కి -వెర్బోస్:క్లాస్ కలిపి నడిపించు. ప్రతి క్లాసునీ ఏ జార్ నుంచి లోడ్ చేసిందో "సోర్స్" అని రాస్తుంది. వేల లైన్లు వస్తాయి, అందులో ప్రీకండిషన్స్ కోసం వెతుకు. దానితో పాటు ఆ స్టార్ట్ కమాండ్ మొత్తం ఇక్కడ పెట్టు, కంపెనీ పేర్లు తీసేసి.

మారతహళ్లి పీజీ · శుక్రవారం, ఉదయం 10:45

సోర్స్: .../లిబ్/గువావా-19.0.జార్

స్టార్ట్ కమాండ్‌లో క్లాస్‌పాత్ (క్లాసులు ఎక్కడ వెతకాలో చెప్పేది) "లిబ్/*" అని ఉంది. లిబ్ ఫోల్డర్లోకి వెళ్లి చూస్తే గువావా-19.0, గువావా-31.1-జేఆర్‌ఈ రెండూ ఉన్నాయి అన్నా! రిపోర్ట్-కోర్ కూడా 2.3.0, 2.3.1 రెండూ. ఇంకా ఏవేవో ఎప్పటివో జార్లు ఉన్నాయి. డిప్లాయ్ స్క్రిప్ట్ చూశాను, కొత్త జార్లు కాపీ చేస్తుంది, పాతవి తీయదు.

పాతకాపు · శుక్రవారం, ఉదయం 11:02

దొరికింది. నా తప్పు కూడా ఒప్పుకుంటాను. మొదటి పోస్టులోనే నువ్వు రాశావు, రోల్‌బ్యాక్ చేసినా అదే ఎర్రర్ అని. పాత వెర్షన్‌లో రిపోర్ట్-కోర్ లేదు, 19.0 రావడానికి దారే లేదు. అయినా వచ్చిందంటే సర్వర్‌లోనే కూర్చుని ఉందని అప్పుడే అనుమానపడాలి. చదివి కూడా దాటేశాను. పద్దెనిమిదేళ్ల సర్వీసు.

క్లాస్‌పాత్‌లో నక్షత్రం గుర్తు పెడితే ఆ ఫోల్డర్లోని జార్లు ఏ వరసలో వస్తాయో జావా హామీ ఇవ్వదు. మెషిన్‌కీ మెషిన్‌కీ మారొచ్చు, అదే మెషిన్‌లో కూడా మారొచ్చు, ఇది జావా డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. ఒకే క్లాసు రెండు జార్లలో ఉంటే ముందు కనిపించినదే లోడ్ అవుతుంది.

గ్రేడిల్ భక్తుడు · శుక్రవారం, ఉదయం 11:20

అంటే పోయిన శుక్రవారం కూడా లిబ్‌లో రెండు గువావాలూ ఉన్నట్టే కదా? 31.1 ముందు నుంచే ఉంది, 19.0 కొత్తగా వచ్చి చేరింది. ఆ రాత్రి వరస తిరగబడి ఉంటే మొదట టోస్ట్రింగ్‌హెల్పర్ ఎర్రర్ వచ్చేది. మనం ఈ థ్రెడ్‌ని అటు వైపు నుంచి మొదలుపెట్టేవాళ్లం.

పాతకాపు · శుక్రవారం, ఉదయం 11:24

భక్తుడు గారూ, ఇది మాత్రం బాగా పట్టారు.

బెల్లందూరు నురగ · శుక్రవారం, మధ్యాహ్నం 12:10

స్క్రిప్ట్‌లో కాపీకి ముందు లిబ్ ఖాళీ చేసే లైను పెడితే సరిపోతుందనుకోకు, కాపీ మధ్యలో ఆగిపోతే సగం లిబ్ మిగులుతుంది. ప్రతి డిప్లాయ్‌కి వెర్షన్ పేరుతో కొత్త ఫోల్డర్ చేసి, లింక్‌ని దాని మీదకి తిప్పండి. అప్పుడు రోల్‌బ్యాక్ అంటే నిజంగా రోల్‌బ్యాకే.

బిల్డ్‌లో ఎన్‌ఫోర్సర్ ప్లగిన్ కూడా పెట్టు. రిక్వైర్ అప్పర్ బౌండ్ డెప్స్ అనే రూలుతో మొదలుపెట్టు. ఎవరో 31.1 అడుగుతుంటే 19.0 గెలిచిన సందర్భంలో బిల్డే ఆగిపోతుంది. డిపెండెన్సీ కన్వర్జెన్స్ అనే ఇంకో రూలు ఉంది, అది చిన్న తేడాకి కూడా ఒప్పుకోదు. పాత ప్రాజెక్టులో మొదటి రోజే దాన్ని ఆన్ చేస్తే ఎర్రర్ల జాబితా చూసి మధ్యాహ్నానికే తీసేస్తారు. మేం అలాగే తీసేశాం.

మారతహళ్లి పీజీ · శుక్రవారం, సాయంత్రం 6:55

కొత్త ఫోల్డర్ పద్ధతికి లీడ్ ఒప్పుకున్నారు. స్క్రిప్ట్ మార్చాం. లిబ్‌లో ఇప్పుడు గువావా ఒక్కటే, నా కళ్లతో లెక్కపెట్టాను. ఎన్‌ఫోర్సర్ పెట్టగానే గువావా కాకుండా ఇంకో రెండు బయటపడ్డాయి, వాటి కోసం సోమవారం వేరే థ్రెడ్ పెడతాను.

కొత్తగా చేరాను · శుక్రవారం, రాత్రి 8:30

డెమో బాగా జరిగింది. అక్కకి థాంక్స్. కాఫీ గారికి కూడా, మీ వల్లే సర్టిఫికెట్ల గురించి నేర్చుకున్నాను 🙂

కోరమంగళ కాఫీ · శుక్రవారం, రాత్రి 8:41

ఇది పొగడ్తా తిట్టా బ్రో?

మోడరేటర్ · శుక్రవారం, రాత్రి 9:00

ఇప్పుడు మార్చనా?

మారతహళ్లి పీజీ · శుక్రవారం, రాత్రి 9:12

ఈ ఒక్క రాత్రి ఆగండి సార్. రెండింటికి నడవనివ్వండి.

మారతహళ్లి పీజీ · శనివారం, రాత్రి 2:19

నడిచింది. ఫైళ్లన్నీ క్లౌడ్‌లో ఉన్నాయి. మార్చేయండి సార్. ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకుంటున్నాను.